బడి గడప నుంచి విశ్వవిద్యాలయం దాకా: సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి జీవితం



పెద్దల జీవితాలను పిల్లలకు చెప్పటం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఈసారి ఈ సంచికలో మన గోదావరి ప్రాంతంలోనే పని చేసి, ఇక్కడే కన్నుమూసిన ఒక ఉపాధ్యాయుని గూర్చి వ్రాయదలచినాము. ఆయన మన మతస్థులు కారు, బ్రహ్మసమాజానికి చెందినవారు. అయినా ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మాబోటివాళ్ళకు ఆయన జీవితం ఎంతో దగ్గరగా కనిపిస్తుంది. ఎందుకంటే చిన్నతనంలో ఆయన నేర్చిన భాషల్లో ఉర్దూ ఉన్నది, ఫారసీ ఉన్నది. ఆ పిల్లవాడే పెరిగి పెద్దవాడై మదరాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయినాడు. అంతకంటే పెద్ద మాట ఇంకొకటి ఉన్నది. తాను ఎక్కి వచ్చిన మెట్లు తనతోనే ఆగిపోకుండా, ఫీజు కట్టలేనివాళ్ళకు, కులం తక్కువని గేటు బయట నిలబెట్టినవాళ్ళకు, ఆడపిల్లలకు ఆ మెట్లు అందేలా చేసినాడు. ఆయనే సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు.

మన పోలవరం పిల్లలకు ఈ కథ ఎందుకు అని కొందరు అడగవచ్చును. పదో తరగతి దాకా మన పిల్లలు బాగానే చదువుతున్నారు. ఆ తరువాతే దారి తెగుతున్నది. ఆ తెగిన చోట ఒక మనిషి నిలబడి ఏమేమి చేయవచ్చునో తెలుసుకోవటానికి ఇంతకంటే మంచి జీవితం మాకు కనిపించలేదు.

బాల్యము – చదువు

వెంకటరత్నం నాయుడు గారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్నంలో జన్మించినారు. తండ్రి అప్పయ్య నాయుడు గారు సైన్యంలో సుబేదారు. సైన్యంలో పనిచేసేవారి ఇల్లు ఒకచోట నిలవదు గదా. పటాలం ఎటు కదిలితే సంసారం అటు కదలవలసిందే. అలా ఈ పిల్లవాని బాల్యం చాందాలోను, హైదరాబాదులోను గడిచింది. చాందా అంటే ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూరు. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఈ విధంగా హిందీ, ఉర్దూ, ఫారసీ నేర్చినాడు. హైదరాబాదులో నిజాం పేరిట ఉన్న బడిలో చదివి మెట్రిక్యులేషన్ ప్యాసైనాడు.

ఇక్కడ మన తల్లిదండ్రులు ఒక విషయం గమనించాలి. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొక భాష, ఊరు మారితే మరొక భాష. ఇన్ని భాషల మధ్య నలిగి పిల్లవాడు వెనకబడిపోతాడని మనం భయపడుతుంటాము. వెంకటరత్నం గారి విషయంలో ఆ భయం నిజం కాలేదు. ఉర్దూ, ఫారసీ చదువుకున్న ఆ బుర్రే తరువాత ఇంగ్లీషు సాహిత్యం బోధించడంలో దేశమంతటా పేరు తెచ్చుకున్నది. భాష అడ్డు కాలేదంటే ఆయన తెలివి ఒక్కటే కారణం కాదు. ఒక బడి ముగిసిన చోట ఇంకొక బడి, దాని తరువాత కాలేజీ, వరుసగా అందినాయి. తండ్రికి జీతం ఉన్నది, చదివించాలనే పట్టుదల ఉన్నది. ఈ రెండూ లేని పిల్లల సంగతి ఏమిటన్న ప్రశ్నకు జవాబుగానే ఆయన తరువాతి జీవితమంతా గడిచిందని మాకు తోస్తున్నది.

హైదరాబాదు నుంచి ఆయన మదరాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్ళినారు. అప్పట్లో ఆ కాలేజీకి ప్రిన్సిపాలు విలియం మిల్లర్ అనే స్కాట్లండు దేశస్థుడు. వెంకటరత్నం గారి మీద గట్టి ముద్ర వేసిన గురువు ఆయనే. మిల్లరు దొర కూడా తరువాత 1901 నుంచి 1904 వరకు మదరాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. గురుశిష్యులిద్దరూ ఒకే పీఠం ఎక్కటం అరుదైన సంగతి. ఆ కాలేజీ పుట్టుక కూడా చెప్పుకోదగ్గది. 1837లో ఒక మామూలు బడిగా మొదలై, 1865లో కాలేజీ తరగతులు చేర్చుకున్నది. అంటే బడి కడుపులోంచే కాలేజీ పుట్టింది.

బి.ఏ., ఎం.ఏ. పట్టాలు పుచ్చుకునే నాటికి వెంకటరత్నం గారు బ్రహ్మసమాజం వైపు మొగ్గినారు. ఆ సమాజ స్థాపకుడు రాజా రామమోహన రాయ్. దేవుడు ఒక్కడే అని వాదిస్తూ ఆయన వ్రాసిన తొలి పుస్తకం తుహ్‌ఫతుల్ మువహ్హిదీన్. అది ఫారసీ భాషలో ఉన్నది, ముందుమాట అరబ్బీలో ఉన్నది. ఈ మాట మన పిల్లలకు తెలియదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆ రోజుల్లో బడికి, విశ్వవిద్యాలయానికి ఉన్న లంకె

కథలో ముందుకు పోయే ముందు ఆనాటి పద్ధతి కొంచెం చెప్పుకోవాలి. మదరాసు విశ్వవిద్యాలయం 1857లో స్థాపించబడింది. మొదటి అరవై ఏళ్ళకు పైగా అది ముఖ్యంగా పరీక్షలు పెట్టే సంస్థ. పాఠాలు చెప్పేది కాలేజీలు, పట్టాలు ఇచ్చేది విశ్వవిద్యాలయం. బడి పిల్లలకు మెట్రిక్యులేషన్ పరీక్ష పెట్టేదీ అదే. ఒడిస్సా సరిహద్దు మొదలు మలబారు దాకా ఏ ఊరి పిల్లవాడైనా ఆ ఒక్క పరీక్ష గుండానే పైకి రావాలి. 1911 ప్రాంతంలో ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చిన తరువాత ఆ పద్ధతి మారింది.

కాబట్టి పల్లెటూరి బడికి విశ్వవిద్యాలయంతో ఉన్న సంబంధమల్లా ఒక ప్రశ్నపత్రం, ఒక ఫీజు, ఒక ఫలితం. ప్యాసైతే రమ్మంటుంది. ఎలా రావాలి, ఎక్కడ ఉండాలి, ఏమి తినాలి అన్నది దానికి పట్టదు. దగ్గరలో కాలేజీ ఉన్న పట్టణాల వాళ్ళకు, భూములున్న ఇళ్ళ వాళ్ళకు, పైకులాల మగపిల్లలకు ఆ ద్వారం తెరిచి ఉన్నట్టే. మిగతావాళ్ళకు అది ఉన్నా లేనట్టే.

ఐతే ఆనాటి కాలేజీల్లో ఒక మంచి కూడా ఉండేది. చాలా కాలేజీలు బడుల్లోంచే పుట్టినాయి గనుక హైస్కూలు తరగతులు, కాలేజీ తరగతులు ఒకే ఆవరణలో, ఒకే ప్రిన్సిపాలు కింద నడిచేవి. చిన్న తరగతిలో ఒక పిల్లవాడు చురుకుగా ఉంటే ప్రిన్సిపాలు కంట్లో పడేవాడు. ఫీజు కట్టలేక మానేస్తే ఆ సంగతీ తెలిసేది. ఇంగితజ్ఞానం ఉన్న ప్రిన్సిపాలు చేతిలో ఇది గొప్ప అవకాశం. వెంకటరత్నం గారు ఆ అవకాశాన్ని వదులుకోలేదు.

ఉపాధ్యాయ వృత్తిలో

ఆయన పనిచేసిన చోట్లు చూస్తే తెలుగుదేశమంతా తిరిగినట్టు ఉంటుంది. మదరాసులో పచ్చయప్ప కాలేజీలో పాఠాలు చెప్పినారు. కొంతకాలం పత్రికా రచన చేసినారు. తరువాత స్వస్థలమైన మచిలీపట్నంలో నోబుల్ కాలేజీలో ఉపన్యాసకులుగా ఉన్నారు. అక్కడ ఆయన ప్రభావానికి లోనైన విద్యార్థుల్లో కృష్ణాపత్రిక సంపాదకులైన ముట్నూరి కృష్ణారావు గారు, 1923లో ఆంధ్రాబ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభిసీతారామయ్య గారు ఉన్నారు.

1899 నుంచి 1904 వరకు సికింద్రాబాదులో మహబూబ్ కాలేజీకి ప్రిన్సిపాలుగా పనిచేసినారు. 1862లో ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూలుగా మొదలైన ఆ విద్యాలయం తరువాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారి పేరు ధరించింది. చిన్నప్పుడు నిజాం రాజ్యంలో చదువుకున్న విద్యార్థి, పెద్దయి అదే రాజ్యంలో ప్రిన్సిపాలుగా కూర్చున్నాడు. తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ మాట్లాడే ఇళ్ళ పిల్లలున్న ఊరది. అటువంటి ఊళ్ళో బడి నడపటానికి ఆయన చిన్ననాటి భాషలు పనికివచ్చి ఉండాలి.

ఇంటి విషయంలో ఆయనకు దుఃఖం తప్పలేదు. భార్య చిన్న వయసులోనే గతించింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అప్పటినుంచి తెల్లని బట్టలు కట్టి, మితమైన భోజనంతో, ఫకీరు వలె జీవించినారు. భోగం మేళాలు పెట్టే వేడుకలను బాహాటంగా ఖండించినారు, మద్యపానానికి వ్యతిరేకంగా ప్రచారం చేసినారు. పెద్ద పెద్ద ఆఫీసర్లు, జమీందార్లు మేళాలు పెట్టించే కాలంలో ఈ మాటలనటానికి ధైర్యం కావాలి. రాజమండ్రిలో వితంతు వివాహాలు జరిపించిన కందుకూరి వీరేశలింగం గారితో ఆయనకు స్నేహం, సహకారం ఉండేవి.

కాకినాడలో

ఇక అసలు కథ. 1904లో సికింద్రాబాదు విడిచి కాకినాడలో పిఠాపురం రాజా వారి కాలేజీకి ప్రిన్సిపాలుగా వచ్చినారు. పి.ఆర్. కాలేజీ అని మనమందరమూ పిలుచుకునే కాలేజీ అదే. 1884లో కాలేజీ అయింది. ఆ కాలంలో మన పోలవరం ప్రాంతం గోదావరి జిల్లాలో ఉండేది, దానికి ముఖ్యపట్టణం కాకినాడ. ఇక్కడి పిల్లవాడు అక్కడికి పోవాలంటే గోదావరిలో పడవ మీద రాజమండ్రి, ధవళేశ్వరం చేరి, ఆనకట్ట దగ్గర కాలువ పడవ పట్టుకుని కాకినాడ పోవాలి, లేదంటే రైలు ఎక్కాలి. నూరు కిలోమీటర్ల దారి అన్నమాట పేరుకే. పూటకు గతిలేని ఇంటి పిల్లవానికి అది మక్కా ప్రయాణమంత దూరం.

1919 దాకా ఆయన ఆ కాలేజీలో ప్రిన్సిపాలు. ఆ పదిహేను సంవత్సరాల్లో ఆయన చేసిన పనులను మేము నాలుగుగా విడదీసి చూస్తున్నాము.

మొదటిది ఫీజు. బీద విద్యార్థుల ఫీజు కోసం ఆయన తన జీతం ఖర్చు పెట్టేవారు. తన జీతంతో ఎంతమందికి సరిపోతుంది? అందుకని పిఠాపురం మహారాజా శ్రీ రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దూరు వారిని ఈ పనిలోకి తెచ్చినారు. మహారాజా వారు ఆయనను గురువుగా భావించేవారు. దానధర్మాలు చేసే జమీందార్లు ఎందరో ఉంటారు. ఆ దానం సత్రాలకు, వేడుకలకు పోకుండా బీద పిల్లల చదువుకు మళ్ళించటం ఒక గురువు చేయగలిగిన పని. రాజా వారి ఖజానాకు, గుమ్మం బయట నిలబడ్డ పిల్లవానికి మధ్య ఈ ప్రిన్సిపాలు వంతెన అయినాడు.

రెండవది నీడ, అన్నం. ఫీజు మాఫీ చేస్తే సరిపోదు, రాత్రి ఎక్కడ పడుకోవాలి? అప్పట్లో హరిజన విద్యార్థికి కాకినాడలో అద్దెకు గది దొరకటమే కష్టం. దొరికినా వండిపెట్టేవాళ్ళు ఉండరు. అందుకే హరిజన విద్యార్థులకు వసతిగృహం, దిక్కులేని పిల్లలకు అనాథాశ్రమం రాజా వారి సహాయంతో నెలకొల్పించినారు. కొందరు పిల్లలను తన ఇంట్లోనే ఉంచుకుని, తన కంచం పక్కన కంచం పెట్టి చదివించినారు. కులం పట్టింపులు ఎంత గట్టిగా ఉండేవో తెలిసినవారికి ఈ పని బరువు అర్థమవుతుంది.

మూడవది ఆడపిల్లలు. మగపిల్లల కాలేజీలో ఆడపిల్లలను కూర్చోబెట్టటం ఆనాటి తెలుగు పట్టణాల్లో ఊహకు అందని మాట. ఆయన తన కాలేజీ తలుపులు వారికి తెరిచినారు. దానికి ముందు తరగతి గదిలో మర్యాద నెలకొల్పినారు. నడవడి విషయంలో ఆయనది ఉక్కు క్రమశిక్షణ. ప్రిన్సిపాలు సచ్ఛీలుడన్న నమ్మకం ఊళ్ళో ఉన్నది గనుకనే తల్లిదండ్రులు ఆడపిల్లలను పంపగలిగినారు. మన ఇళ్ళలో అమ్మాయిని పై చదువుకు పంపాలంటే మొదట అడిగేది ఫీజు ఎంత అని కాదు, అక్కడ ఎవరున్నారు అని. ఆ ప్రశ్నకు జవాబు ఒక మనిషి రూపంలో ఉండాలి. కాకినాడలో ఆ జవాబు వెంకటరత్నం నాయుడు గారు.

నాల్గవది కంటికి కనిపించదు. పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలవటం, వాడు ఏమి చదువుతున్నాడో, ఏమి ఆలోచిస్తున్నాడో పట్టించుకోవటం. ఆయన దగ్గర చదివినవారు, ఆ కాలేజీ గాలి పీల్చినవారు ఎన్ని తోవల్లో పోయినారో చూడండి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు కవి అయినారు. చలం గారు సంఘంతో తలపడిన రచయిత అయినారు. అందరూ గురువు గీసిన గీత మీద నడిచినవారు కారు, చలం గారైతే అసలే కాదు. అయినా కాకినాడ చదువు వారి జీవితాల్లో మలుపు. శిష్యులు తన నకళ్ళు కావాలని కోరే గురువు వల్ల ఇటువంటి వైవిధ్యం రాదు.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా మూడూ వృథా అయ్యేవని మా ఉద్దేశం. ఫీజు కట్టి నీడ ఇవ్వకపోతే పిల్లవాడు మూడో నెలలో ఇంటికి వచ్చేస్తాడు. నీడ ఇచ్చి పలకరించే మనిషి లేకపోతే మొదటి పరీక్ష తప్పగానే వచ్చేస్తాడు.

వైస్ ఛాన్సలర్‌గా

1919లో కాలేజీ పని విరమించినా ఆయనకు విశ్రాంతి దొరకలేదు. మదరాసు శాసనమండలిలో సభ్యులుగా ఉన్నారు. 1924లో ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. 1925లో మదరాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయి 1928 వరకు ఆ పదవిలో ఉన్నారు.

అది విశ్వవిద్యాలయం రూపు మారుతున్న కాలం. 1923 చట్టంతో, పరీక్షలు పెట్టటమే కాక బోధన, పరిశోధన కూడా దాని పని అయినాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వేరుగా ఏర్పడి, తెలుగు జిల్లాల కాలేజీలు మదరాసు నీడలోంచి తమ సొంత విశ్వవిద్యాలయంలోకి వచ్చినాయి. మొదట బెజవాడలో ఉన్న ఆ కేంద్రం 1930లో వాల్తేరుకు మారింది. అంటే గోదావరి పిల్లవానికి విశ్వవిద్యాలయం మదరాసు నుంచి వాల్తేరుకు దగ్గరపడింది. పెద్ద చెట్టు నుంచి కొమ్మ వేరై నాటుకుంటున్న ఆ సమయంలో మదరాసు పీఠం మీద ఒక తెలుగు ఉపాధ్యాయుడు కూర్చుని ఉన్నాడు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు కూడా అంతకు ముందు మైసూరు సంస్థానంలో విద్యాశాఖకు అధిపతిగా ఉండి బడుల సంగతులు చూసినవారే. ఇలా ఒకే సమయంలో రెండు విశ్వవిద్యాలయాల పీఠాల మీద బడి ఎరిగిన మనుషులు ఉన్నారు. ఒక పిల్లవాడు బడి ఎందుకు మానేస్తాడో తెలిసినవాడు విశ్వవిద్యాలయం నడపటం వేరు, తెలియనివాడు నడపటం వేరు.

పదవీకాలం ముగిసినాక ఆయన తిరిగి కాకినాడ చేరినారు. చివరిదాకా అనాథ పిల్లల మధ్య, శిష్యుల మధ్యనే గడిపి, 1939 మే 26వ తేదీన పరమపదించినారు. అప్పటికి ఆయన వయసు 76 సంవత్సరాలు. బ్రహ్మర్షి అని, కులపతి అని ప్రజలు పిలుచుకున్నారు. సర్ బిరుదు ప్రభుత్వం ఇచ్చింది, ఈ పేర్లు జనం ఇచ్చినారు.

ఆయన తరువాత

ఇంత గొప్ప పనికీ ఒక లోటు ఉన్నది. దానిని దాచి పొగడ్తలు మాత్రమే వ్రాస్తే మన పిల్లలకు పాఠం సగమే చెప్పినట్టవుతుంది. కాకినాడలో ఆయన నిలబెట్టిన ఏర్పాటు ఇద్దరి మీద ఆధారపడి ఉన్నది. ఒకరు ప్రిన్సిపాలు, ఇంకొకరు రాజా వారు. ప్రిన్సిపాలు 1939లో పోయినారు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయినాయి. రైతుకు మేలు జరిగింది, అందులో సందేహం లేదు. కాని జమీందారీ రాబడి మీద నడిచిన దానాల ఊట కూడా ఎండింది. తరువాత పి.ఆర్. కాలేజీ ప్రభుత్వ కాలేజీ అయి, నేటికీ వేలమందికి చదువు చెప్పుతున్నది. ప్రభుత్వ వసతిగృహాలు, స్కాలర్‌షిప్పులు వచ్చినాయి. ఒక రాజు ఇవ్వగలిగినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ డబ్బు ఇప్పుడు ఖర్చవుతున్నది. ఫీజు, నీడ, అన్నం ఈ విధంగా చాలావరకు సమకూడినాయి. నాల్గవదైన ఆ పలకరించే మనిషి మాత్రం చట్టంలో లేడు. ఆ మనిషిని ఊరే తయారు చేసుకోవాలి.

మరొక మార్పు కూడా వచ్చింది. బడి, కాలేజీ ఉన్న ఆ ఒకే ఆవరణ విడిపోయింది. పదో తరగతి ఒక గేటు, ఇంటర్ ఇంకొక గేటు, డిగ్రీ మూడవ గేటు, విశ్వవిద్యాలయం నాల్గవది. ఒక గేటు వాళ్ళకు ఇంకొక గేటులో ఏమి జరుగుతున్నదో తెలియదు. పిల్లవాడు ఒకదాంట్లోంచి బయటికి వచ్చి రెండోదాంట్లో చేరకపోతే, ఆ రెండు చోట్లా ఎవరి రిజిస్టరులోనూ లోటు కనిపించదు. మేము బడిలో చూస్తున్నాము గదా, మంచి మార్కులతో ప్యాసైన అబ్బాయి జూలైలో మెకానిక్ షెడ్డులో, అమ్మాయి ఇంట్లో కుట్టు మిషను ముందు కనిపిస్తారు. అడిగితే ఇద్దరూ నవ్వి ఊరుకుంటారు. ఉర్దూ మీడియం పిల్లలకైతే ఇంకొక కష్టం. ఇంటరులో అన్ని సబ్జెక్టులూ ఒక్కసారి ఇంగ్లీషులోకో తెలుగులోకో మారతాయి. ఆ రెండు నెలలు చెయ్యి పట్టుకుని దాటించేవాడు లేకపోతే తెలివైన పిల్లవాడే మందబుద్ధిలా కనిపిస్తాడు.

మనం చేయదగినది

విశ్వవిద్యాలయాలు బడుల దగ్గరికి రావటం కలలో మాట కాదు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ గారు 1947లో ఉస్మానియా కాలేజీ స్థాపించి రాయలసీమ బీద విద్యార్థులకు ఆధారమైనారు. 2016లో కర్నూలులో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టినారు. హైదరాబాదులో 1998లో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తానే ఉర్దూ మీడియంలో మోడల్ స్కూళ్ళు నడుపుతున్నది. మదరసాలో చదివిన పిల్లలు డిగ్రీకి రావటానికి బ్రిడ్జి కోర్సులు పెట్టింది. నూజివీడులో 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, మనం ట్రిపుల్ ఐటీ అంటాము, పదో తరగతి మార్కుల మీదనే పిల్లలను చేర్చుకుని ఆరేళ్ళు అక్కడే ఉంచి ఇంజనీరింగు చదివిస్తున్నది. పల్లెటూళ్ళ పిల్లల కోసమే పెట్టిన విద్యాలయం అది. ప్రభుత్వ బడిలో చదివినవారికి సీట్ల లెక్కలో కొంత అదనపు మార్కు కలుపుతారు. రాజమండ్రిలో 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఒకప్పుడు మదరాసు, ఆ తరువాత వాల్తేరు, ఇప్పుడు రాజమండ్రి. విశ్వవిద్యాలయం మన రేవుకు ఇంత దగ్గరికి వచ్చింది. మన పిల్లవాడే ఇంకా అటు అడుగు వేయలేదు.

కాలేజీల్లో 1969 నుంచి జాతీయ సేవా పథకం, అంటే ఎన్.ఎస్.ఎస్., ఉన్నది. ఒక గ్రామాన్ని దత్తత తీసుకుని విద్యార్థులు అక్కడ వారం రోజుల శిబిరం పెట్టటం దాని పద్ధతి. ఆ శిబిరాల్లో రోడ్లు ఊడవటం, మొక్కలు నాటటం మంచిదే. వారితోపాటు మన పదో తరగతి పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పండని, ఏ కోర్సులో ఎలా చేరాలో చెప్పండని మనం అడిగితే కాదనేవాళ్ళు ఉండరు. అడగటం మన వంతు.

పోలవరం ఊరు ఇప్పుడు ప్రాజెక్టు పేరుతో దేశమంతటికీ తెలిసింది. పాపికొండల దిగువన లాంచీల రేవుగా ఉన్న ఊరు. ప్రాజెక్టు వల్ల చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు ఇళ్ళు విడిచి కొత్త కాలనీలకు మారినాయి. ఇల్లు మారినప్పుడు బడి మారుతుంది. బడి మారినప్పుడు కొందరు పిల్లలు మధ్యలో జారిపోతారు. సుబేదారు గారి కుమారుడు కూడా ఊళ్ళు మారుతూనే చదివినాడు. అతనికి ప్రతి ఊళ్ళో ఒక బడి చేతికి అందింది. ఈ పిల్లలకూ అలా అందించేవాళ్ళు కావాలి.

కాబట్టి సొసైటీ పెద్దల ముందు, సభ్యుల ముందు మూడు మాటలు మనవి చేస్తున్నాము. మొదటిది, ప్రతి వేసవిలో పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్ళలో ప్యాసైన, తప్పిన పిల్లలందరి జాబితా వ్రాసుకుని, జూలై నెలాఖరుకు ఎవరు ఎక్కడ చేరినారో ఇంటింటికీ వెళ్ళి చూడాలి. చేరనివారి ఇంటికి రెండోసారి వెళ్ళాలి. రెండవది, బహుమతులకు, జ్ఞాపికలకు, శాలువాలకు ఖర్చయ్యే సొమ్ములో కొంత తగ్గించి, రాజమండ్రి, కొవ్వూరు, కాకినాడలలో చదివే పిల్లలకు బస్సు పాసుకు, హాస్టలు అడ్వాన్సుకు ఇవ్వాలి. బహుమతి పొందిన పిల్లవాడు ఒక సాయంత్రం సంతోషిస్తాడు. హాస్టలు అడ్వాన్సు అందిన పిల్లవాడు మూడేళ్ళు చదువుతాడు. మూడవది, మన వాళ్ళల్లో డిగ్రీ దాటినవారు ఒక్కొక్కరు ఇద్దరేసి పిల్లలను తమ పేర వ్రాసుకోవాలి. డబ్బు ఇవ్వనక్కరలేదు. నెలకొకసారి ఫోనులో, లేదా ఇంటికి వెళ్ళి, ఎలా చదువుతున్నావు బాబూ, ఎలా ఉన్నావు బేటీ అని అడిగితే చాలు. ముఖ్యంగా అమ్మాయిల కోసం మన ఆడపడుచుల్లో చదువుకున్నవారు ముందుకు రావాలి. అక్కడ ఎవరున్నారు అన్న తల్లిదండ్రుల ప్రశ్నకు వాళ్ళే జవాబు.

మనకు పిఠాపురం మహారాజా లేరు. ఆ అవసరమూ లేదు. ఒకరి ఖజానా మీద నిలబడిన ఏర్పాటు ఆ ఖజానాతోనే పోతుంది. వందమంది చిన్న చందాలతో నిలబడినది ఒకరిద్దరు పోయినా నడుస్తుంది. వెంకటరత్నం నాయుడు గారి పదవులు, బిరుదులు మన చేతికి అందవు. కాని తన కంచం పక్కన ఇంకొక కంచం పెట్టుకోవటం ఏ ఇంట్లోనైనా జరిగే పనే.

ఈ సంవత్సరం ఫలితాలు వచ్చే నాటికి మన సొసైటీ జాబితా పుస్తకం తయారుగా ఉంటుందని, వచ్చే సంచికలో ఆ పిల్లలు చేరిన కాలేజీల పేర్లు అచ్చు వేసుకుంటామని ఆశిస్తూ, అందరి పిల్లలకు ఇల్ము, ఆరోగ్యము కలగాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.